పసుపంటిన అమానత్

రైలెక్కే ముందు

కామారెడ్డికి సరదాగా తిరిగొద్దామని పోయినవాళ్ళెవరూ నాకు తెలీదు. నేనూ సరదాకు పోలేదు, భోజనానికి పోయాను. ముప్పై ఏళ్ళకు పైగా హైదరాబాద్‌లో ఒక సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. అందులో సగం ఏళ్ళు నా వార్డులోనే ఆయాగా చేసిన లక్ష్మి, ఉద్యోగం మానేసి సొంతూరు తాడ్వాయి వెళ్ళిపోయింది. మొగుడు దుబాయిలో మేస్త్రీ పని చేసి పంపిన డబ్బుతో అక్కడ ఇల్లు కట్టుకుంది. శ్రావణ మాసంలో గృహప్రవేశం. "సిస్టరమ్మా, నువ్వు రాకుంటే నేను పాలు పొంగియ్య" అని ఫోన్లో బెదిరించింది. లక్ష్మి బెదిరిస్తే డాక్టర్లే వినేవాళ్ళు, నేనెంత.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ప్రయాణం సంగతి మా పై వాటాలో ఉండే నూర్జహాన్‌కు చెప్పేశాను. ఆమె అంతకు నెల ముందే హజ్ చేసి వచ్చింది. తాడ్వాయి పేరు వినగానే ఆమె మొహం విప్పారింది.

"అదే సడక్ మీద ఇంకా ముందుకు పోతే ఎల్లారెడ్డి వస్తది మేడమ్. మా పెద్దక్క ఖైరున్ బీ ఆడనే ఉంటది. ఒక్క పార్సల్ ఇచ్చి రారాదు?"

పాత పేపర్లో చుట్టి, తెల్ల దారంతో కట్టిన పొట్లం తెచ్చింది. ఏముందని అడిగాను. "తెల్ల బట్ట. మక్కాల జమ్‌జమ్ నీళ్ళల్ల కడిగి ఎండవెట్టిన. అక్కకు మోకాళ్ళు సాగుత లేవు, హజ్‌కు రాలేకపోయింది. ఇది ఒక్కటి తెమ్మని చెప్పి పంపింది. అమానత్ మేడమ్, జర పైలం." పొట్లంతో పాటు అరచెయ్యంత సీసాలో జమ్‌జమ్ నీళ్ళు, రెండు ప్యాకెట్ల ఖర్జూరాలు ఇచ్చింది. ఖర్జూరాల్లో ఒక ప్యాకెట్ నాకు. అది మాత్రం రైలెక్కకముందే సగమైంది.

నమ్మి మన చేతిలో పెట్టిన వస్తువును తెలంగాణలో అమానత్ అంటారు. నిజాం కాలం నుంచీ అందరి నోళ్ళలోనూ నలిగిన మాటే. జమ్‌జమ్ అంటే మక్కాలో ఉన్న బావి. ఎడారిలో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిన హాజిరా అనే తల్లి, నీళ్ళ కోసం రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తిందనీ, చివరికి బిడ్డ కాళ్ళ దగ్గరే ఊట పుట్టిందనీ నూర్జహాన్ చెప్పింది. హజ్‌కు పోయినవాళ్ళంతా ఇప్పటికీ ఆ తల్లి పరుగును తలుచుకుని అక్కడే ఏడుసార్లు అటూ ఇటూ నడుస్తారట. ఒక తల్లి పడిన కంగారును లోకమంతా కాళ్ళతో గుర్తుపెట్టుకోవటం నాకు భలే నచ్చింది.

లక్ష్మి కోసం కొన్న చీర, ఆమె మొగుడికి కొన్న పంచెలచాపు ఉన్న సంచిలోనే ఈ పొట్లాన్నీ సర్దాను. నా తెలివితేటల గురించి ఇక ముందు ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

కామారెడ్డి

రైలు దిగీ దిగగానే వాన. గొడుగు రైల్లోనే మరిచిపోయానని తడిశాక తెలిసింది. స్టేషన్ బయట ఒక చిన్న హోటల్లోకి దూరి చాయ్ అడిగాను. పదిహేను రూపాయలు. చిక్కగా, తియ్యగా, నాలుగు గుక్కల్లో అయిపోయేంత ఉంది. మా కృష్ణా జిల్లాలో ఈ పాటి టీ ఇస్తే గ్లాసు నింపమని గొడవ పెట్టుకుంటాం. ఇక్కడ అందరూ ఆ నాలుగు గుక్కలను అరగంట తాగుతారు.

వాన తగ్గాక రోడ్డు పక్కన ఒకావిడ బొగ్గుల మీద మొక్కజొన్న కాలుస్తుంటే, పొత్తు ఎంత అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. వేలితో చూపించాను.

"కంకి అను తల్లీ. ఇరువై రూపాలు. మీరు ఆంధ్రోళ్ళా?"

ముప్పై ఏళ్ళు హైదరాబాద్‌లో ఉన్నా నోరు తెరిస్తే దొరికిపోతానని ఒప్పుకున్నాను. ఆమె నవ్వి నిమ్మచెక్కకు ఉప్పూకారం అద్ది కంకికి గట్టిగా రుద్ది ఇచ్చింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, కంకి తింటూ బస్సెక్కాను. తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లె బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కాబట్టి బస్సులో అందరం ఆడవాళ్ళమే. సీటు లేదు కానీ కబుర్లకు లోటు లేదు.

తాడ్వాయి

లక్ష్మి ఇల్లు గులాబీ రంగులో, ఊళ్ళోకి పోకముందే కనిపించింది. నన్ను చూడగానే వాకిట్లోనే కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం నైట్ డ్యూటీల్లో ఒకే చద్దరు కప్పుకున్న వాళ్ళం.

పాలు పొంగాయి. వ్రతమైంది. భోజనంలో బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు, మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు. మా వైపు పులిహోర లేనిదే శుభకార్యం కాదు. ఇక్కడ మసాలా దినుసుల ఘుమఘుమలతో బగారన్నం లేనిదే కాదు. శ్రావణమని మాంసం వండలేదు. మగవాళ్ళలో సగం మంది మొహాలు ఆ బాధతో వాడిపోయి ఉన్నాయి. నాకైతే మక్క గారెలు చాలు. వాటి దగ్గరకు పోయే తొందరలో సంచి లక్ష్మి చేతిలో పెట్టి, "ఇందులో బట్టలున్నాయి, దేవుడి దగ్గర పెట్టు" అన్నాను. ఇందులో పరాయివాళ్ళ పొట్లం ఒకటుందని చెప్పటానికి నోట్లో గారె అడ్డమొచ్చింది.

మర్నాడు పొద్దున్న బయలుదేరబోతూ పొట్లం గుర్తొచ్చి అడిగాను. లక్ష్మి పూజగదిలోకి తీసుకుపోయి చూపించింది. దేవుడి పటాల ముందు పీట మీద చీర, పంచెలచాపు, వాటి మీద మడతపెట్టిన తెల్లటి నూలు బట్ట. ఓ పది గజాలుంటుంది. మూడింటికీ నాలుగు మూలలా బొటనవేలంత పసుపు బొట్లు.

"లక్ష్మీ, దీనికెందుకు పెట్టావే?"

"కొత్త బట్టకు పసుపు వెట్టకుంట ఉంటరా సిస్టరమ్మా? బట్ట చినగాలె, కట్టినోళ్ళు చల్లగుండాలె అనుకుంట నేనే నా చేతులతోని వెట్టిన. ఇంత తెల్లబట్ట ఎందుకు తెచ్చినవో సమజ్ గాలేదు. మా ఆయన అంగీలకు అయితది అన్నడు."

ఆమె తప్పేం లేదు. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా కట్టుకోవటం మా ఇంట్లోనూ లేదు, మా అమ్మ బనీన్లకు కూడా పెట్టేది. ఇది మా పై వాటా ఆవిడ అక్కది అని చెప్పాను. లక్ష్మి నొచ్చుకుని, "అయినా మంచిదేలే, పసుపు తగిలితే మంచే అయితది" అంది. నేను ఊరుకోవచ్చు కదా. ఒక మూల పట్టుకుని పంపు కింద సబ్బేసి రుద్దాను. పసుపు కాస్తా కుంకుమ రంగుకు తిరిగింది.

"సబ్బు తగిలితే ఎర్రగైతదని తెల్వదా? ఇన్నేండ్లు నర్సు చేసినవ్" అంది లక్ష్మి.

గబగబా నీళ్ళు పోశాను. ఎరుపు పోయి మళ్ళీ పసుపే అయింది, కానీ ఇంకో రెండు వేళ్ళ మేర పాకింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏంటో తెలిసొచ్చింది. బట్ట మళ్ళీ పేపర్లో చుట్టి బస్సెక్కాను.

ఎల్లారెడ్డి బస్సులో

ఈసారి కిటికీ సీటు దొరికింది. రోడ్డుకు రెండు వైపులా మక్క చేలు, నాటేసిన వరి మళ్ళు, మధ్యలో వెడల్పాటి ఆకులతో పసుపు తోటలు. ఆ పూట పసుపు చేలు చూసినా నాకు ఒళ్ళు మండింది. పొట్లం విప్పి, తడి మూలను గోటితో గీకుతూ కూర్చున్నాను.

పక్కన గడ్డం నెరిసిన పెద్దమనిషి. పేరు జమీల్ అని, ఉర్దూ మీడియం బడిలో లెక్కల సారుగా చేసి రిటైరయ్యానని అప్పటికే పరిచయం చేసుకున్నారు. నా గీకుడు కాసేపు చూసి, "ఎవలదమ్మా ఆ బట్ట?" అని అడిగారు. మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. జమ్‌జమ్ దగ్గరకు వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"ముసలమ్మ తెప్పిచ్చుకున్న తెల్ల నూలు బట్ట, జమ్‌జమ్‌ల కడిగింది. అమ్మా, అది కఫన్."

కఫన్ అంటే పోయినవాళ్ళకు చుట్టే బట్ట. నా చేతులతో ఎన్ని వందల మందికి తెల్ల దుప్పటి చుట్టానో నాకే తెలీదు. అలాంటిది ఒళ్ళో పెట్టుకుని కూడా పోల్చుకోలేకపోయాను. రెండో సంగతి ఆ వెంటనే తట్టింది. గృహప్రవేశం నాటి రాత్రంతా ఇది లక్ష్మి పూజగదిలో దేవుడి ముందు ఉంది. ఆ మాట లక్ష్మి చెవిన పడితే కొత్తింట్లో ఒక్క పూట నిద్రపోదు.

"మీ దిక్కు అది అశుభం" అన్నారు జమీల్ సారు. "మా దిక్కు ముసలోళ్ళు దాన్ని పెట్టెల దాచుకుంటరు. హజ్‌ల మొగోళ్ళందరం కుట్టని తెల్లబట్టలే కట్టుకుంటం, నవాబైనా నౌకరైనా. ఆఖరికి పోయేటప్పుడు గూడ గంతే. ఇది దగ్గరుంటే తయ్యారుగ ఉన్నమని ధైర్యం."

"మరకుంటే పనికిరాదా మాస్టారూ?"

"నేను మౌల్వీని గాదు, లెక్కల సార్ని. పనికొస్తదనే అనుకుంటున్న. గని ఆమె దిల్‌కు ఎట్లుంటదో నేను చెప్పలేను."

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. దాచకుండా రాస్తున్నాను. "ఎల్లారెడ్డిలో ఇలాంటి తెల్లబట్ట దొరుకుతుంది కదా. కొత్తది కొని, సీసాలో నీళ్ళు నాలుగు చుక్కలు చల్లి ఇచ్చేస్తే? ఎవరికి తెలుస్తుంది?"

ఆయన కోప్పడలేదు. పాఠం మొదలుపెట్టారు.

"మా నబీ, ప్రవక్త ముహమ్మద్ సాబ్ మక్కాల పుట్టిండు. పుట్టకముందే తండ్రి పోయిండు, ఆరేండ్లకు తల్లి పోయింది. తాత పెంచిండు, తాత పోతే పెద్దనాయన పెంచిండు. బేరం చేసి బతికిండు. మాట తప్పడు, ఒకల సొమ్ము ముట్టడు. ఊరంత ఆయనను అమీన్ అన్నరు, అంటే నమ్మకస్తుడు. నబీ గాకముందటి పేరమ్మా అది. నలభై ఏండ్లప్పుడు గుట్ట మీద గుహల ఒక్కడు కూసుంటే ఫరిష్తా, అంటే దేవదూత, వచ్చి 'చదువు' అన్నడు. ఒణుక్కుంట ఇంటికొచ్చి భార్యతోని ఏమన్నడో తెల్సా? నాకేదన్న కప్పు అన్నడు. ఖదీజా బీబీ దుప్పటి కప్పి ధైర్యం చెప్పింది. ఆయన మాట అందరికన్న ముందు నమ్మింది ఆమెనే."

బస్సు లింగంపేట దాటింది. ఆయన ఐదు వేళ్ళూ మడిచి లెక్కల సారులాగే చెప్పారు: దేవుడొక్కడే, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం పలకటం, రోజుకు ఐదుసార్లు నమాజు, రంజాన్ నెలలో ఉపవాసం, సంపాదనలో పేదలకిచ్చే వాటా జకాత్, శక్తి ఉంటే బతుకులో ఒకసారి హజ్. ఆదాము, ఇబ్రహీం, మూసా, ఈసా అందరూ ఆ దేవుడు పంపిన ప్రవక్తలేననీ, చివరికి అందరూ లేచి చేసినదానికి జవాబు చెప్పుకునే రోజొకటి ఉంటుందనీ వాళ్ళ నమ్మకం. ఈసా అంటే ఏసుక్రీస్తేనని నాకా రోజు వరకూ తెలీదు. ముప్పై ఏళ్ళు మరియమ్మ అనే స్టాఫ్ నర్సు పక్కన, నూర్జహాన్ ఇంటి కింద బతికి, ఇదీ నా సంగతి.

"దేవుడొక్కడే, రూపం లేదు, ఆయన ముందట దొర, బానిస అందరొక్కటే అనేసరికి మక్కా పెద్దమనుషులకు మండింది. చంపుదామని చూసిండ్రు. ఆయన ఊరిడిచి మదీనాకు పోయిండు. మా క్యాలెండర్ ఆ ప్రయాణం నుంచే లెక్క. గని అసలు ముచ్చట ఇది. చంపుతమన్న ఊరోళ్ళ సొమ్ములే ఆయన ఇంట్ల అమానత్ ఉండె. ఆయన ఏం చేసిండు? పెద్దనాయన కొడుకును వెనుక ఉంచి, ఎవలయి వాళ్ళకు ముట్టజెప్పి రమ్మన్నడు. పానం మీదికొచ్చినా సరే."

బస్టాండులో దిగాక ఆయన చెయ్యి చాపి చూపించారు. "ఎడమ దిక్కు బట్టల దుకాణం. కుడి దిక్కు గల్లీల మూడో ఇల్లు ఖైరున్ బీది. నువ్వు ఎటువోతవో నేను చూడ." నిజంగానే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఎల్లారెడ్డి, మొదటి రోజు

ఎడమ వైపే పోయాను. దుకాణం మెట్టెక్కి, తెల్ల నూలు బట్ట మీటరెంత అని అడిగాను. తొంభై అన్నాడు. వేలితో నలిపి చూస్తే అచ్చం అలాంటిదే. పది మీటర్లు కొయ్యమనటానికి నోరు తెరిచి, గుట్టల మధ్య పరుగెత్తిన తల్లి గుర్తొచ్చి, మళ్ళీ వస్తానని మెట్లు దిగాను. నాకు ధర అడగటం జబ్బు, కొనటం కాదు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఖైరున్ బీకి ఎనభై దగ్గర పడి ఉంటాయి. సన్నగా, వంగిపోయి, మంచం మీద కూర్చుని ఉంది. కోడలు రేష్మా మహారాష్ట్ర సరిహద్దున ఉన్న బిచ్కుంద పిల్ల. మాటల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిపోతాయి. నేను ఎవరో చెప్పగానే ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "వచ్చినవా బిడ్డా. చెల్లె ఫోన్ చేసింది. నిన్నటి సంది దర్వాజ దిక్కే చూస్తున్న."

ఇక ఆగలేదు. చీరలతో కలిపి పెట్టటం, మక్క గారెలు, పసుపు, సబ్బు, చివరికి బట్టల దుకాణం మెట్టు కూడా చెప్పేశాను. ఆమె పొట్లం విప్పి బట్టను ఒళ్ళో పరుచుకుంది. ఒక మూల చూసింది, రెండో మూల చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టినా బాగుండేది. నా సర్వీసులో ఎంతమంది చేత తిట్లు తిన్నానో, అవేవీ ఆ చూపంత బరువు లేవు.

"మూడేండ్ల సంది అడుగుతున్న" అంది చివరికి, నాతో కాదు, బట్టతో.

అంతలో మసీదు నుంచి మధ్యాహ్నపు అజాన్ వినిపించింది. రేష్మా ఆమెకు నీళ్ళు పోస్తే చేతులు, మొహం, కాళ్ళు కడుక్కుంది. మోకాళ్ళు వంగవు కాబట్టి మక్కా ఉన్న దిక్కుకు, పడమటి గోడ వైపు కుర్చీ వేసుకుని, కూర్చునే నమాజు చేసింది. నేల మీద ఆనాల్సిన నుదురు, గాలిలోనే కొంచెం వంగింది. నేను గుమ్మంలో తప్పు చేసిన పిల్లలా నిలబడ్డాను.

నమాజయ్యాక ఆమె బట్ట మూలను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఇది దుకాణం పసుపు గాదు. ఇంట్ల కొట్టిచ్చింది. మంచి కొమ్ము."

"ఎలా తెలిసింది పెద్దమ్మా?"

"నలభై ఏండ్లు పసుపు చేన్లల్ల కూలి చేసిన. తవ్వినం, ఉడకవెట్టినం, ఎండవోసినం. నా పెండ్లి కాడి నుంచి నా చేతులు ఎన్నడన్న తెల్లగున్నయంటే మా ఆయన గూడ నమ్మడు." చేతులు చాపి చూపించింది. గోళ్ళ చుట్టూ ఇప్పటికీ పచ్చని చారలు. "మా బాపు చెప్పేటోడు. నబీ సాబ్ తర్వాత ఖలీఫా అయిన పెద్దమనిషి పానం పోయేముందట తన ఒంటి మీది పాతబట్టనే కఫన్‌కు పెట్టుమన్నడట. దానికి జాఫ్రాన్, కుంకుమపువ్వు మరక ఉన్నదట, కడిగి వాడుండ్రి అన్నడట. కొత్తబట్ట బతికున్నోళ్ళకు కావాలె, నాకెందుకు అన్నడట. అసుంటాయనకే మరక బట్ట సరివోతే, కూలి చేసిన నాకు సరివోదా?"

"మరి ఇందాక ఏడ్చారు కదా."

"ఏడుపొచ్చింది, ఏడ్చిన. గోరీల రెండు ఫరిష్తాలొచ్చి అడుగుతరు. నీ దేవుడెవరు, నీ దీన్ ధర్మం ఏంది, నీ నబీ ఎవరు. మూలకు పసుపెందుకున్నదని అడగరు."

రేష్మా కిసుక్కున నవ్వింది. నేను గుమ్మంలోంచి వచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాను.

రెండో రోజు, ఎండ కోసం

పసుపుకు శత్రువు సబ్బు కాదు, ఎండ. ఆ రాత్రి నన్ను వాళ్ళింట్లోనే ఆపేసి ఖైరున్ బీ చెప్పిన పాఠం ఇది. తడిపి ఎండలో పెడితే అదే పోతుందట. దేనితో తడపాలన్నది ప్రశ్న. ఆమె జమ్‌జమ్ సీసా చేతిలోకి తీసుకుంది.

జమ్‌జమ్ నిలబడే తాగాలట, ముందు తనను లేపమని పట్టుబట్టింది. చెరో పక్కా పట్టుకుని మేమిద్దరం లేపాం. పడమటికి తిరిగి, ఏదో కోరుకుని, మూడు గుటకలు తాగింది. రేష్మాకు ఒక గుటక. తర్వాత సీసా నా ముందుకు చాపింది. వద్దన్నాను, బట్టకు చాలవన్నాను.

"అమానత్ మోసుకొచ్చినోళ్ళకు వాటా ఉంటది. తాగు బిడ్డా."

తాగాను. కొంచెం ఉప్పగా, మామూలు నీళ్ళకంటే బరువుగా అనిపించాయి. మిగిలిన నీళ్ళను దూదితో ఒక్కో మూలకు అద్దింది. మూడు మూలలకు సరిపోయాయి. నా సబ్బు దెబ్బకు పాకిపోయిన నాలుగో మూల దగ్గరకు వచ్చేసరికి సీసా ఖాళీ.

శ్రావణపు ఎండ సంగతి తెలిసిందే. ఇలా వచ్చి అలా పోతుంది. మంచం మీద బట్ట పరిచి, మబ్బు పట్టినప్పుడల్లా నేనూ రేష్మా చెరో కొసా పట్టుకుని లోపలికి పరుగెత్తటం, ఎండ రాగానే మళ్ళీ పరచటం. ఎన్నిసార్లు తిరిగామో లెక్క పెట్టలేదు, ఏడు మాత్రం దాటింది. కోళ్ళను తోలటం నా డ్యూటీ. మధ్యలో జొన్నరొట్టెలు, పుల్లటి పప్పు, రేష్మా వాళ్ళ పుట్టింటి పద్ధతిలో పచ్చిమిర్చి పల్లీలు కచ్చాపచ్చాగా దంచిన ఠేచా. మా గోంగూర కారమే కారమనుకునేదాన్ని. ఠేచా తిన్నాక చెవుల్లోంచి ఆవిరొచ్చింది.

పొద్దు వాలేసరికి మూడు మూలలూ తెల్లబడ్డాయి. వెతికితే తప్ప కనపడవు. నాలుగోది పచ్చగానే ఉంది. రేష్మా కత్తెర తెచ్చింది. "అమ్మీ, ఈ మూల కత్తిరిద్దాం. బట్ట చానా ఉన్నది."

"ఉండనియ్" అంది ఖైరున్ బీ. నా వైపు తిరిగి, "ఇది పెట్టినామె పేరేంది?"

"లక్ష్మి."

"ఏమనుకుంట పెట్టింది?"

బట్ట చినగాలె, కట్టినోళ్ళు చల్లగుండాలె అన్నదని చెప్పాను. ఆమె ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. "కఫన్‌కు గీ దీవెన ఎవలకన్న దొరికిందా? ఇది చినిగెదాకా నేను చల్లగుండాలెనంటే ఇంకా చానా ఏండ్లు ఆగాలె." నవ్వాగాక అడిగింది, "తన ఇంట్ల ఉన్నది కఫన్ అని ఆమెకు తెలుసా?"

"తెలీదు. చెప్పను కూడా. కొత్తిల్లు, భయపడుతుంది."

"నాకు చెప్పినవ్ గద. ఆమెకెందుకు చెప్పవు?"

ఆమె పెట్టె తెరిపించి ఆకుపచ్చ రవికె గుడ్డ ఒకటి తీయించింది. కొత్తింటి ఆడబిడ్డకు ఇవ్వమని నా చేతిలో పెట్టింది. మళ్ళీ అమానత్. ఈసారి సంచిలో కాకుండా, విడిగా ఒళ్ళో పెట్టుకున్నాను.

మళ్ళీ తాడ్వాయి

లక్ష్మి పూజగది గుమ్మంలో కూర్చుని చెప్పాను. ఆ బట్ట ఏమిటో, ఏ నీళ్ళలో తడిసిందో, ఎవరికి చేరిందో, నాలుగో మూల పసుపు ఎందుకు ఉండిపోయిందో అంతా. అరుస్తుందనీ, శాంతి చేయించాలంటుందనీ, నన్ను ఇంకెప్పుడూ గడప తొక్కనివ్వదనీ దారంతా అనుకుంటూ వచ్చాను. లక్ష్మి పీట వైపు, పటాల వైపు చూసింది.

"సిస్టరమ్మా" అంది. "మన వార్డుల మనిద్దరం ఎంతమందికి చుట్టినం?"

"లెక్కెక్కడిదే."

"అనాథలు, ఎవలూ రానోళ్ళు. అందరికీ గా సర్కారు దుప్పటే చుట్టినం. ఒక్కలకన్న దీవెన పెట్టి చుట్టినమా?"

లేదు. తొందరగా చుట్టి, చీటీ కట్టి, మంచం ఖాళీ చేయించేదాన్ని. నాకప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో వాళ్ళ కోసం ఎప్పుడూ రానిది ఆ గుమ్మంలో వచ్చింది. లక్ష్మి కొంగుతో నా మొహం తుడిచి, "ఆమెకు ఏమన్న అయితే నాకు చెప్పు. ఎల్లారెడ్డి ఎంత దూరం, నేనొస్త" అంది.

రవికె గుడ్డ ఇచ్చాను. ఎవరు పంపారో చెప్పాను. లక్ష్మి దాన్ని చెంపకు ఆనించుకుని చూసి, అలవాటుగా పసుపు భరిణె తెరిచి బొటనవేలు ముంచింది. మూల మీద పెట్టబోయి, వేలు గాలిలోనే ఆపి నా వైపు చూసింది.

"దీనికి పెట్టొచ్చు గద?"

"పెట్టవే" అన్నాను.